జాడ తెలిసినవాడు

పదకొండో అడుగుకి నీళ్ళ డ్రమ్ము చేతికి తగలాలి. తగల్లేదు.

సువైలిం ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. ఒక చేతిలో మసిపట్టిన టీ కెటిల్ ఉంది. రెండో చెయ్యి గాలిలో చాపి ఉంది. ఇంకా తెల్లారలేదు. జనవరి చలి ముంజేతిని కొరుకుతోంది. గుడారం గుంజ దగ్గర మొదలుపెట్టి, రోజూలాగే పెదవులు కదలకుండా లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. లెక్క తప్పలేదు. ఇంకో అడుగు వేద్దామనుకుని వెయ్యలేకపోయాడు. వెనక్కి తిరిగితే గుడారం ఎటున్నదీ తేలదేమోనని తిరగలేకపోయాడు. అరవై మూడేళ్ళ మనిషి, ఈ ఇసుకలో పుట్టి ఈ ఇసుకలో పెరిగినవాడు, తన పడకకి పదకొండడుగుల దూరంలో తప్పిపోయాడు.

ఊపిరి బిగబట్టి విన్నాడు. గుండె చప్పుడు తప్ప మొదట ఏమీ వినిపించలేదు. కాసేపటికి ఎడమవైపు ఎక్కడో, చుక్క. మళ్ళీ చుక్క. డ్రమ్ముకి ఉన్న కుళాయి సరిగ్గా బిగించకపోతే తడి ఇసుక మీద పడే చప్పుడది. పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నాలుగడుగులు అటు జరిగాడు. ఇనుము చల్లగా వేళ్ళకి తగిలింది. డ్రమ్ముని రెండు చేతులా పట్టుకుని, దాని మీదకి వాలి, నుదురు ఆనించాడు.

అన్న కొడుకు ఫలాహ్ నిన్న సాయంత్రం బండి తిప్పడానికి అడ్డమని దాన్ని పక్కకి జరిపి ఉంటాడు. వాడి తప్పేముంది? వాడికేం తెలుసు?

కెటిల్ నింపేటప్పుడు వేలు లోపలికి పెట్టుకున్నాడు. వేలు తడిసేదాకా నీళ్ళు పట్టి పొయ్యి దగ్గరికి నడిచాడు. కొండని ఆనుకుని ఆరు మేకవెంట్రుకల గుడారాలు, మధ్యలో పొయ్యి, ఆ పక్కన రేకుల వంటిల్లు, వెనకాల స్నానాల గదులు. విడిది అంటే ఇంతే. కరెంటు లేదు, పాటలు లేవు. ఎడారి చూద్దామని రాత్రికి వచ్చి పడుకుని పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళకి టీ కాయడం, ఇసుక గుంటలో పాతిన డ్రమ్ములో మాంసం కాల్చడం, వాళ్ళు వెళ్ళాక దుప్పట్లు దులిపి, ముంగిలి ఊడ్చడం సువైలిం పని. ఆరేళ్ళుగా చేస్తున్నాడు. ఈ స్థలమంతా అతని పాదాలకి కంఠస్థం. కంఠస్థం కాబట్టే బతుకుతున్నాడు.

రెండు చలికాలాల కిందట చూపు అంచుల నుంచి మొదలుపెట్టి తగ్గుతూ వచ్చింది. గాలివాన వచ్చేముందు గుడారం తెరలు ఒక్కొక్కటే దించుతున్నట్టుగా, అన్నివైపుల నుంచీ మూసుకుంటూ వచ్చింది. ఒంటె మందు కోసమని చెప్పి పట్నం వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకున్నాడు. పోయింది తిరిగి రాదని ఆ డాక్టరు మెల్లగా, రెండుసార్లు చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు నిజంగానే ఒంటె మందు కొని తెచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మిగిలింది వెలుగుకీ నీడకీ తేడా, మొహానికి దగ్గరగా వస్తే బూడిదరంగులో కదిలే ఒక ఆకారం. అంతే.

చెబితే ఏమవుతుందో తెలుసు. కూతురు నువైర వచ్చి తనుండే అకబా పట్నానికి తీసుకుపోతుంది. దానికి తండ్రంటే ప్రాణం. భార్య పోయిన ఏడాది అక్కడ నాలుగు రోజులున్నాడు. నాలుగో అంతస్తులో ఇల్లు. కింద పలకలు. ఎక్కడ కాలు పెట్టినా ఒకేలా నున్నగా, చల్లగా, నోరు లేనట్టుండేవి. ఇసుకైతే చెబుతుంది: ఇక్కడ మెత్తన, ఇక్కడ గరుకు, ఇక్కడ నిన్న మంట వేశారు, ఇక్కడ నక్క తిరిగింది అని. ఆ పలకలు అతనికి ఏమీ చెప్పలేదు. అప్పుడు కళ్ళున్నాయి, అయినా నాలుగు రోజులూ సోఫా దిగలేదు. ఇప్పుడు వెళితే ఆ సోఫాలోనే పోతాడు. పొద్దున్న లేస్తూనే మొదటి ఆలోచన అదే. పడుకునేటప్పుడు ఆఖరి ఆలోచనా అదే.

తెల్లారాక ఫలాహ్ లేచి వచ్చి మంట దగ్గర చతికిలబడ్డాడు. గ్లాసు అందుకుని వాసన చూశాడు.

"ఏం బాబాయ్, ఇవాళ పంచదారేనా? ఉప్పా?"

పోయిన నెలలో ఒకసారి డబ్బాలు తారుమారయ్యాయి. ఆటకి చేశానని నవ్వేసి తప్పించుకున్నాడు. అప్పటి నుంచీ ఉప్పు డబ్బాకి తాడు కట్టుకున్నాడు.

"తాగి చూడు. బతికితే పంచదార."

ఫలాహ్ పకపకా నవ్వాడు. "మధ్యాహ్నం ఇద్దరే వస్తున్నారు. ఇర్బిద్ ఊరివాళ్ళు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరూ రిటైరైన పంతుళ్ళే. వాళ్ళకి నిశ్శబ్దం కావాలట."

"నిశ్శబ్దం కోసం ఇంత దూరమా? చెవుల్లో దూది పెట్టుకుంటే పోయేదిగా."

"ఆ మాట వాళ్ళ ముందు అనకు. విడిది మూసుకోవాలి."

సువైలిం నవ్వాడు. నవ్వుతూనే, వాడు డ్రమ్ముని మళ్ళీ పాత చోటికి జరుపుతాడా, కొత్త చోటనే ఉంచుతాడా అని ఆలోచిస్తున్నాడు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

*

మధ్యాహ్నం బండి వచ్చింది. టీచరమ్మ పేరు విదాద్. జాగ్రఫీ చెప్పేదట. గొంతు గట్టిది, వెనక బెంచీదాకా వినిపించడానికి అలవాటుపడ్డ గొంతు. భర్త మున్జిర్ లెక్కల మాస్టారు. ప్రయాణంలో తలనొప్పి వచ్చిందని మూలుగుతూ దిగాడు. వాళ్ళు మాట్లాడుతుంటే ఎవరెక్కడ కూర్చున్నారో మనసులో గుర్తుపెట్టుకుని, సువైలిం ఒక్క చుక్క ఒలక్కుండా టీ అందించాడు. ఒక్కో గ్లాసూ ఇచ్చినప్పుడల్లా అవతలి చెయ్యి తగిలేదాకా వీపు బిగుసుకునేది.

"మా బాబాయ్ ఒకప్పుడు ఎడారి గస్తీలో జాడగాడు," ఫలాహ్ మొదలుపెట్టాడు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా చెప్పేదే. "ఇరవై రెండేళ్ళు. దొంగసరుకు మోసేవాళ్ళు ఈయన పేరు వింటే దారి మార్చేవాళ్ళు. అడుగు చూసి, నడిచినవాడు బరువు మోస్తున్నాడో, భయపడుతున్నాడో చెప్పేసేవాడు."

"భయపడేవాడి అడుగు వేరేగా ఉంటుందా హాజీ?" విదాద్ అడిగింది.

"మడమ దిగదమ్మా. వేళ్ళే దిగుతాయి. వెనక్కి తిరిగి చూసినచోట పాదం మెలిపడుతుంది."

"ఎంతమందిని పట్టుకున్నారు?"

"పట్టుకున్నవాళ్ళు గుర్తులేరమ్మా," అన్నాడు సువైలిం. ఆ తర్వాత మాట మింగేశాడు.

గుర్తున్నవాడు ఒక్కడే. ఒక ఆగస్టులో లారీ ఇసుకలో దిగబడి దారి తప్పిన డ్రైవరు. జాడ రెండుగా చీలినచోట సువైలిం తూర్పు వైపు వెళ్ళాడు. ఒక పూట గడిచాకగానీ అది పాత జాడ అని తెలియలేదు. వెనక్కి వచ్చి పడమర పట్టుకుని వెళ్ళేసరికి మూడో రోజు. ఆ మనిషి ఒకే బండ చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగాడు. తొమ్మిది జాడలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. బండ నీడలో పడి ఉన్నాడు. బూట్లు విప్పి, మసీదు గుమ్మంలో పెట్టినట్టు జతగా పక్కన పెట్టుకున్నాడు. రోడ్డు అక్కడికి రెండొందల అడుగులు. ఎవరూ సువైలింని ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే అది లోపల ఉండిపోయింది.

*

సాయంత్రం నాలుగింటికి గ్యాస్ బండ అయిపోయిందని ఫలాహ్ ఊళ్ళోకి బయల్దేరాడు.

"గంటలో వచ్చేస్తా. మాస్టారు పడుకున్నాడు. ఆవిడ చెట్టూ పుట్టా తిరిగే రకంలా ఉంది. కాస్త చూస్తూ ఉండు బాబాయ్."

చూస్తూ ఉండు. బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆ మాట అక్కడే నిలబడిపోయినట్టుంది.

విదాద్ గుడారంలోంచి బయటికి వచ్చింది. బూట్లు కొత్తవి, అడుగు వేసినప్పుడల్లా కిర్రుమంటున్నాయి.

"హాజీ, సూర్యాస్తమయం బాగా కనిపించే బండ ఉందని మీ అబ్బాయి చెప్పాడు. అదేనా?"

ఆమె స్వెట్టరు చెయ్యి రాసుకున్న చప్పుడైంది. ఎటో చూపించింది. సువైలిం మొహం అటు తిప్పాడు. ముందు పల్చటి వెలుగు, అంతే. ఫలాహ్ చెప్పిన బండ పడమట ఉంది, పొట్టిది, పిల్లలు కూడా ఎక్కి దిగేది. ఆమె చూపిస్తున్నది అదే అయి ఉండాలి. ఇంకేం చూపిస్తుంది? ఏ బండమ్మా అని అడగొచ్చు. అడిగితే, ఇదిగో ఎదురుగా ఇంతది కనపడటం లేదా అంటుంది. అప్పుడేం చెప్పాలి?

"అదేనా?" ఆమె మళ్ళీ అడిగింది.

"అదేనమ్మా. తొందరగా వచ్చెయ్యండి, చలి."

కిర్రు కిర్రుమంటూ ఆమె నడిచింది. సువైలిం చెవులు రిక్కించాడు. అడుగులు పడమరకి కాకుండా కుడివైపు మళ్ళినట్టనిపించింది. కుడివైపున్నది కొండసందు. స్నానాల గదికి వెళుతోందేమో. పిలుద్దామని నోరు తెరిచాడు. పిలిచి ఏమనాలి? ఎటు పోతున్నావమ్మా అంటే, మీరే కదా చెప్పారు అంటే? నోరు మూసుకున్నాడు. అడుగుల చప్పుడు పల్చబడి, ఆగిపోయింది.

మాంసం గుంట మీద ఇసుక ఎగదోశాడు. గిన్నెలు తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. కుడిచెంప మీద ఉన్న ఎండ గోరువెచ్చగా మారి, వేలెడంత మిగిలి, పోయింది. ఆ క్షణంలోనే చలి ఇసుకలోంచి పైకి లేచింది. తిరిగొచ్చే బూట్ల చప్పుడు లేదు.

మున్జిర్ ఆవులిస్తూ బయటికి వచ్చాడు.

"విదాద్ ఏది?"

"సూర్యాస్తమయం చూడటానికి వెళ్ళారు అయ్యా."

"సూర్యుడు అస్తమించి అరగంటైంది కదా! ఎటు వెళ్ళింది?"

సువైలిం చేతిలోని గిన్నె కింద పెట్టాడు.

"మీరిక్కడే ఉన్నారుగా? ఎటు వెళ్ళిందో చూడలేదా?"

"...కుడివైపు అనుకుంటాను."

"అనుకోవడమేంటండీ!" ఆయన గొంతు చీలిపోయింది. "విదాద్! విదాద్!" అంటూ పరిగెత్తాడు. కొండలన్నీ ఆ పేరుని పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి తిరిగి అరిచాయి. ఏది మనిషి పిలుపో, ఏది కొండ పిలుపో తెలియకుండా పోయింది.

అప్పుడే ఫలాహ్ బండి వచ్చింది. విషయం విని తలుపు కూడా వెయ్యకుండా, దీపాలు పెంచి, హారన్ మీద చెయ్యి వేసి నొక్కేశాడు. లోయంతా ఆ మోతతో నిండిపోయింది.

"బాబాయ్, ఎటెళ్ళింది?"

"కొండసందు వైపు."

"అటెందుకు పంపావు? అక్కడేముంది?"

సువైలిం చేతుల్ని గొర్రెతోలు అంగీ జేబుల్లోకి తోసేశాడు. అతని కళ్ళ ముందు, కళ్ళు లేని చోట, జతగా పెట్టిన బూట్లు కనిపించాయి.

"ఇంజను ఆపు," అన్నాడు.

"ఏంటి?"

"ఆపమన్నాను. హారన్ తియ్యి. కొండలు అన్నివైపుల నుంచీ మోగుతుంటే ఆమె ఏ కొండ వైపు నడుస్తుంది? బండి తోలావంటే జాడ తొక్కేస్తావు. మాస్టారిని పిలుచుకొచ్చి కూర్చోబెట్టు. ఆయన పక్క నుంచి లేవకు. లేస్తే నేను ఇద్దరిని వెతకాలి."

ఆ గొంతు ఫలాహ్ చిన్నప్పుడెప్పుడో విన్నది. మారు మాట్లాడకుండా తాళం తిప్పాడు. లోయలో చప్పుడు నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోయింది.

"టార్చి తీసుకుపో బాబాయ్. చీకటి పడిపోయింది."

"నాకక్కర్లేదు."

పాత జాడగాడి పట్టుదల అనుకున్నాడు ఫలాహ్.

*

చెప్పులు విప్పేశాడు. వాళ్ళ గుడారం గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని అరిచేత్తో ఇసుకని నిమిరాడు. కొత్త బూట్లు, అడుగున వరసలు వరసలుగా గాట్లు. వేళ్ళకి తెలిశాయి. మున్జిర్ పరిగెత్తిన అడుగులు వాటిని అడ్డంగా తొక్కి ఉన్నాయి. వాటిని వదిలేసి, గాట్లున్నవాటిని పట్టుకుని కదిలాడు. నాలుగడుగులు నడవడం, వంగి తడమడం. మళ్ళీ నాలుగడుగులు.

సందు మొదట్లో గాలి లేదు. ఇసుక పిండిలా మెత్తగా, జాడ చెక్కుచెదరకుండా ఉంది. మడమ బాగా దిగింది. నిబ్బరంగా నడిచింది, నమ్మకంతో నడిచింది. తను చూపించిన దారే అనుకుని. ఆ లోతైన మడమ గుర్తులో వేళ్ళు పెట్టి సువైలిం ఒక్క క్షణం కదలలేకపోయాడు.

ఎంత దూరం పోయాడో తెలీదు. ఇక్కడి అడుగులకి లెక్క లేదు. ఇటు ఎనిమిదేళ్ళుగా రాలేదు. సందు రెండుసార్లు వంకర తిరిగింది. వెనక విడిది ఉందన్న సంగతి వీపుకి తెలియడం మానేసింది. నేనూ తప్పిపోతే? ఫలాహ్ పొద్దుటిదాకా ఆగి, వెతికి, ఇద్దరినీ చూస్తాడు. చలికి బిగుసుకుపోయిన ముసలివాణ్ణి తిప్పి చూసి, కళ్ళు చూసి...

చెయ్యి రాతికి తగిలింది. ఇసుక అయిపోయింది. చుట్టూ తడిమాడు. నున్నటి పలకరాయి, పైకి ఏటవాలుగా. రాతి మీద జాడ ఉండదు.

ఎడమ వైపు వెళ్ళాలా? కుడి వైపా? అప్పుడూ ఇలాగే నిలబడ్డాడు. అప్పుడు తూర్పు అన్నాడు.

కూర్చున్నాడు. వీపు రాతికి ఆనించి, నోటితో ఊపిరి పీల్చుకుంటూ, చప్పుడు కాకుండా కూర్చున్నాడు. చలికి చెవులు నొప్పెడుతున్నాయి. భయం ఎంత ఉందంటే, అది తనలో ఉందో, తను దానిలో ఉన్నాడో తెలియడం లేదు. లేచి ఎటో ఒకటు నడవమని కాళ్ళు తొందరపెడుతున్నాయి. కూర్చునే ఉన్నాడు.

చాలాసేపటికి, పైనుంచి, గాలి కాని గాలి లాంటిదేదో వినిపించింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఎవరో పాఠం అప్పజెబుతున్నట్టుగా.

"...నైలు... కాంగో... నైజర్... జాంబెజీ..."

సువైలింకి ఆ మాటలు ఏమిటో తెలీదు. మనిషి గొంతని తెలుసు.

"అమ్మా!" అన్నాడు, అరవకుండా. "మాట్లాడుతూనే ఉండండి. ఆపకండి."

పైనుంచి ఒక వెక్కు వినిపించింది. తర్వాత, "ఎవరు?"

"టీ ఇచ్చినవాణ్ణి. ఆ పేర్లు చెబుతూ ఉండండి."

ఆమె వణుకుతున్న గొంతుతో నదులన్నీ మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. ఆ గొంతుని తాడులా పట్టుకుని అతను రాతి మీద పాకాడు. వేళ్ళకి పగులు దొరికినచోట వేళ్ళు, కాలికి మెట్టు దొరికినచోట కాలు. ఎంత ఎత్తుకి వచ్చాడో కనపడకపోవడం ఆ ఒక్కసారికి మేలే అయింది.

ఆమె ఒక అరుగు లాంటి బండ చివర ముడుచుకుని ఉంది. ఎక్కడం ఎక్కేసింది, దిగబోతే చీలమండ మెలిపడింది. చెయ్యి తగలగానే రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. అతను అంగీ విప్పి ఆమె మీద కప్పాడు.

"ఈ సందులో సిగ్నల్ లేదు. ఫోనులో కాస్త దీపం మిగిల్చాను," అంది పళ్ళు టకటకలాడుతుంటే. "ఎవరైనా వస్తే చూపించాలని."

టిక్కుమంది. మొహం మీద వెచ్చదనం లేని వెలుగు పడిందని సువైలింకి లీలగా తెలిసింది. అటే చూస్తున్నాడు. వెలుగు అక్కడే, అతని కళ్ళలోనే నిలిచిపోయింది. రెప్ప వెయ్యాలని అతనికి తోచేసరికి ఆలస్యమైపోయింది.

"హాజీ..."

"అవునమ్మా."

"అసలేం కనపడదా?"

"వెలుతురు తెలుస్తుంది. అంతే."

గాలి రాతిని రాసుకుంటూ పోయింది.

"మరి నేను బండ చూపించి అడిగినప్పుడు?"

"కనపడలేదు."

"అదేనన్నారు."

"అన్నానమ్మా."

"ఎందుకు?"

జవాబు చాలా పెద్దది. అందులో డాక్టరున్నాడు, నువైర ఉంది, నాలుగో అంతస్తు పలకలున్నాయి. "భయం," అన్నాడు.

ఆమె అంగీని మెడదాకా లాక్కుంది. మాట్లాడినప్పుడు ఆ గొంతులో టీచరమ్మ లేదు. "నేనిక్కడ చచ్చిపోయేదాన్ని."

"అవునమ్మా," అన్నాడు సువైలిం.

దిగడానికి చాలాసేపు పట్టింది. అతను ముందు దిగి, ఆమె పాదాన్ని చేత్తో పట్టుకుని ఒక్కో పగుల్లోనూ పెట్టాడు. ఇసుక తగిలాక ఆమె అతని భుజం పట్టుకుని కుంటింది. కొంత దూరం దీపం వెలుగులో ఆమె దారి చెప్పింది. తర్వాత ఫోను ఆరిపోయింది. ఆమె వేళ్ళు భుజంలోకి దిగబడ్డాయి. అక్కడి నుంచి తను వచ్చేటప్పుడు వదిలిన అరికాళ్ళ గుర్తులని తడుముకుంటూ అతను నడిపించాడు.

విడిదిలో మున్జిర్ భార్యని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఫలాహ్ బాబాయిని గట్టిగా వాటేసుకుని, "టార్చి కూడా లేకుండా! ఈ సంగతి ఊరంతా చెబుతా చూడు," అంటూ గంతులేశాడు. సువైలిం మెల్లగా విడిపించుకుని, టీ పెట్టాలన్నాడు.

*

పొద్దున మంట అంటుకున్నాక ఫలాహ్ వచ్చి కూర్చుని గ్లాసు అందుకున్నాడు. ఇంకా నిన్నటి ఉత్సాహంలోనే ఉన్నాడు.

"ఫలాహ్," అన్నాడు సువైలిం. "నాకు కనపడదురా."

"ఏం కనపడదు?"

"ఏదీ."

ఫలాహ్ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయిన చప్పుడు సువైలింకి స్పష్టంగా వినిపించింది. కాసేపటికి మొహం ముందు గాలి కదిలింది. వాడు చెయ్యి ఆడిస్తున్నాడు.

"ఆడించకురా. నిజమే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు చలికాలాలు."

"మరి రాత్రి..."

"చేతుల్తో వెతికాను. అదొక్కటి కాదు చెప్పాల్సింది. ఆమె ఆ బండేనా అని వేలు పెట్టి చూపించింది. ఎటు చూపించిందో నాకు తెలీదు. అవునన్నాను. కొండసందు వైపు అడుగులు వినిపించాయి. పిలవలేదు."

పొయ్యిలో కట్టె విరిగింది. ఫలాహ్ గ్లాసు ఇసుకలో పెట్టాడు.

"నిన్ను నమ్మి వదిలేసి వెళ్ళాను కదా బాబాయ్," అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"అందుకే చెబుతున్నా. ఇంకోసారి కూడా అవునంటాను. నాకు నేను తెలుసు. నువైరకి ఫోన్ చెయ్యి. ఇవాళ వీళ్ళని దింపేటప్పుడు నన్నూ అకబాలో దింపు."

"ఇక్కడే ఉండు. పనేం చెయ్యొద్దు, ఊరికే కూర్చో."

"ఊరికే కూర్చోవడానికి అక్కడ సోఫా ఉంది."

ఫలాహ్ ఏదో అనబోయి, లేచి, బండి వైపు వెళ్ళిపోయాడు. ఇనుప సామాను అనవసరంగా అటూ ఇటూ సర్దుతున్న చప్పుడు వినిపించింది.

కిర్రు, ఈడ్పు, కిర్రు, ఈడ్పు. విదాద్ కుంటుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నేనెవరికీ చెప్పలేదు," అంది గొంతు తగ్గించి. "ఆయనకి కూడా."

"నేను చెప్పానమ్మా."

"ఓ."

"కోపంగా ఉందా తల్లీ?"

"ఉంది," అందామె. అతని అరిచెయ్యి పట్టుకుని, అందులో చల్లగా, సన్నగా ఉన్నదేదో పెట్టి వేళ్ళు మూసింది. "నా మోకాళ్ళ కోసం కొన్న చేతికర్ర. నిన్న తీసుకెళ్ళడానికి నామోషీ అయి సంచిలోనే వదిలేశాను. వద్దనకండి."

సువైలిం దాన్ని పై నుంచి కింది దాకా తడిమాడు. తేలికపాటి లోహం, పైన రబ్బరు పిడి, మణికట్టుకి తగిలించుకునే పట్టీ. "దేవుడు చల్లగా చూడాలమ్మా," అన్నాడు. ఆమె వెళ్ళాక దాన్ని పొయ్యి పక్క ఇసుకలో గుచ్చి, మిగిలిన టీ పారబోసి, గ్లాసులు కడిగాడు.

సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు అంగీలు, జపమాల, భార్య అల్లిన దిండు గలీబు. మూట చంకలో పెట్టుకుని గుంజ దగ్గర నిలబడి, లెక్క మొదలుపెట్టబోయి, మానేశాడు. "ఫలాహ్, చెయ్యి ఇవ్వరా," అని పిలిచాడు.

ఫలాహ్ పరిగెత్తుకొచ్చాడు. బాబాయి చేతిని తన భుజం మీద వేసుకుని, అవసరం లేనంత మెల్లగా నడిపించాడు. బండి ఎక్కేటప్పుడు తలుపు అంచు తగలకుండా అతని తల మీద అరిచెయ్యి అడ్డం పెట్టాడు. సువైలిం తలని అలా ఎవరైనా ముట్టుకుని యాభై ఏళ్ళు దాటింది.

"వారం రోజులుండి వచ్చెయ్ బాబాయ్. గాలి మార్పు అనుకో."

"అలాగే నాయనా."

ఇద్దరికీ తెలుసు. వెనక సీట్లోవాళ్ళకి కూడా తెలుసు. బండి కదలగానే సువైలిం రెండు అరికాళ్ళూ బండి నేలకి గట్టిగా ఆనించాడు. చక్రాల కింద మెత్తన, గరుకు, మళ్ళీ మెత్తన. తారురోడ్డు ఎప్పుడు వస్తుందోనని కాళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు.

ఎండ ముంగిట్లోకి దిగింది. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. పక్కనే ఇసుకలో విదాద్ చేతికర్ర గుచ్చినట్టే నిలబడి ఉంది. దాని పట్టీ, తగిలించుకునే మణికట్టు లేక, గాలికి మెల్లగా ఇటూ అటూ ఊగుతోంది.